కొలిమిలో పనిచేసేది మంట ఒక్కటేనా? విశాఖ తీరాన లోహసంగ్రహణ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

2021 జనవరి 27న కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కు కర్మాగారంలోని తన వాటాను నూటికి నూరుపాళ్లు ఉపసంహరించుకొనుటకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ తరువాత కొద్ది రోజులకు గాజువాక ప్రాంతంలోని ఒక సంఘంలో వాక్యం చెప్పే అవకాశం నాకు కలిగింది. అక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఆ కర్మాగారం మీద ఆధారపడి బ్రతికే కుటుంబాలవారే. వారి ముఖాలు చూసి, మలాకీ మూడవ అధ్యాయంలోని వెండిని శోధించువాని పోలికను తీసుకొని, "రాయి అగ్నిలో పడితేనే ఇనుమవుతుంది. ఈ శ్రమ కూడ మిమ్మల్ని అలాగే మారుస్తుంది" అని ఎంతో ధైర్యంగా చెప్పాను.

ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. ఆయన బ్లాస్ట్ ఫర్నేసులో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. "అయ్యగారూ, ఒక్క మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఒట్టి మంటలో ఎంతసేపు పెట్టినా రాయి రాయేనండి. బొగ్గు పడితేనే ఇనుము దిగుతుంది. ఆ బొగ్గు మాత్రం మిగలదండి" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, వెక్కిరింత లేదు. కాని ఇరవై అయిదేండ్లకు పైగా నేను వాడుతూ వచ్చిన ఒక పోలిక ఆ క్షణంలో నా చేతిలో విరిగిపోయింది.

ఆ మాట నిజమా కాదా అని వెదుకుతూ పోగా ఈ వ్యాసం రూపొందింది. లోహం రాతిలోనుండి ఎలా వేరవుతుంది? లేఖనములలో కనిపించే కొలుములన్నీ ఒకే రకమైనవేనా? తెలుగునాట, ప్రత్యేకంగా విశాఖ తీరాన, ఈ విద్య ఏ మలుపులు తిరిగింది? ఈ మూడు ప్రశ్నలకు ఒకే సూత్రం దారి చూపుతుంది. రాయి నుండి లోహాన్ని విడిపించుటకు మంటతో పాటు మరొకటి తనను తాను ఇచ్చుకోవాలి. అది ఎక్కడ దొరికింది, ఎవరు మోసి తెచ్చారు, ఎంత వెల చెల్లించారు అన్నదే లోహముల చరిత్రలో చాలా భాగమని నేను గ్రహించాను.

1. రాతిలో బంధింపబడిన ఇనుము

బైలదిల్లా కొండల నుండి విశాఖకు వచ్చే ఎర్రరాయిని హెమటైట్ అంటారు. ఇది ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. కల్తీ లేని హెమటైట్ వెయ్యి కిలోలు తీసుకుంటే అందులో ఇంచుమించు 700 కిలోలు ఇనుము, 300 కిలోలు ఆక్సిజన్ ఉంటాయి. వాన తగిలిన మేకుకు పట్టే తుప్పు దీనికి దగ్గరి చుట్టమే. కొండ మీది ఇనుపరాయి అంటే ఒక విధంగా యుగాల క్రితమే తుప్పుపట్టిన ఇనుము. దానిని కాల్చినంత మాత్రాన ఆక్సిజన్ విడిచిపోదు. గాలిలో ఎంతో వేడి చేసినప్పుడు కొంత ఆక్సిజన్ పోయి మరొక రకం ఇనుపరాయిగా మారుతుందే కాని లోహం కాదు.

అయితే ఇనుముకంటె ఎక్కువ ఆశతో ఆక్సిజన్‌ను పట్టుకొనే పదార్థం దగ్గరకు వచ్చినప్పుడు ఆక్సిజన్ ఇనుమును వదలి దాని వెంట పోతుంది. కొలిమిలో ఆ పని చేసేది బొగ్గులోని కార్బన్. బొగ్గు కాలి మొదట కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ వాయువు పైనున్న ఎర్రటి బొగ్గుల గుండా పోయేటప్పుడు మరింత కార్బన్‌ను కలుపుకొని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఇది ఆక్సిజన్ కొరకు ఆకలిగొన్న వాయువు. రాతి పగుళ్లలోనికి చొరబడి, అక్కడి ఆక్సిజన్‌ను తీసుకొని, తిరిగి కార్బన్ డయాక్సైడ్‌గా మారి పొగగొట్టం గుండా వెళ్లిపోతుంది. వెనుక ఇనుము మిగులుతుంది. మంట లేకుండ ఈ మార్పిడి జరగదు, నిజమే. కాని మంట చేసేది మార్పిడికి తగిన వేడిని ఇవ్వడం. ఆక్సిజన్‌ను మోసుకుపోయేది కార్బన్.

ఈ మార్పును మన పాఠ్యపుస్తకాలు క్షయకరణం అంటాయి. క్షయం అనగానే తరిగిపోవడం, నశించడం గుర్తుకొస్తాయి. కాని ఐరోపా భాషలలో ఈ పదానికి మూలమైన లాటిన్ మాటకు వెనుకకు తీసుకొనివచ్చుట అని అర్థం. భస్మమైపోయిన లోహాన్ని మళ్లీ లోహపు స్థితికి తెచ్చుట అనే భావంతో పాతకాలపు పనివారు దానిని వాడారు. తెలుగు విద్యార్థి క్షయకరణం అన్న మాట చదివినప్పుడు ఈ రెండవ అర్థాన్ని కూడ మనసులో ఉంచుకుంటే మంచిది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. పాదరసపు ఎర్రభస్మాన్ని వేడి చేస్తే చాలు, ఆక్సిజన్ విడిపోయి పాదరసం మిగులుతుంది. 1774లో ఇంగ్లండులో ఈ ప్రయోగం చేసి ఆ కొత్త వాయువును పట్టుకొన్న జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఒక సంఘకాపరి. ఆ వాయువు నిజ స్వభావాన్ని వివరించి దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టినది ఫ్రాన్సు దేశస్థుడైన లావోయిజే. పాదరసం, వెండి వంటి కొన్నిటికి వేడి చాలును. రాగి, సీసం, ఇనుము, జింకు, అల్యూమినియం – ఇవి తమ ఆక్సిజన్‌ను అంత సులభంగా విడువవు. ఈ వరుసలో ముందుకు పోయిన కొలది పట్టు బిగుస్తుంది. రాగి యుగం ముందు, ఇనుప యుగం తరువాత వచ్చినందుకు, అల్యూమినియం పందొమ్మిదవ శతాబ్దం వరకు మనుష్యుల చేతికి చిక్కనందుకు ముఖ్య కారణం ఇదే.

2. లేఖనములలో రెండు కొలుములు

నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉన్నది. మలాకీ మూడవ అధ్యాయంలోని పనివాడు రాయిని కరిగించి లోహం తీసేవాడు కాడు. అతని చేతిలో అప్పటికే వెండి ఉన్నది. అందులోని కల్తీని తీసివేయడమే అతని పని. యెషయా మొదటి అధ్యాయంలోని మష్టు, సామెతలు 17వ అధ్యాయంలోని మూస, యిర్మీయా ఆరవ అధ్యాయంలోని కొలిమితిత్తి, సీసము – ఇవన్నీ ఈ శుద్ధి పనికి చెందిన మాటలే.

ప్రాచీనులు వెండిని శుద్ధి చేసిన పద్ధతి ఆశ్చర్యకరమైనది. కల్తీ వెండికి సీసం కలిపి, లోతు తక్కువైన పాత్రలో కరిగించి, పైనుండి తిత్తులతో గాలి ఊదేవారు. గాలిలోని ఆక్సిజన్ సీసాన్ని పట్టుకొంటుంది. సీసం తనతోపాటు రాగి వంటి నీచలోహాలను కూడ భస్మంగా మార్చి లాగుకొనిపోతుంది. ఆక్సిజన్‌కు అంత సులభంగా లొంగని వెండి అడుగున మెరుస్తూ మిగులుతుంది. యిర్మీయా చెప్పిన దృశ్యంలో తిత్తి ఊదుతూనే ఉన్నది, సీసం కూడ ఉన్నది, అయినను దుష్టులు వేరుపడలేదు. పనివాడి శ్రమ వ్యర్థమైనది. ప్రవక్త ఈ పని తెలిసినవాడిలాగే మాట్లాడాడు.

గమనించండి, ఇది ఆక్సిజన్‌ను చేర్చే పని. ఇనుపరాయి కొలిమిలో జరిగేది ఆక్సిజన్‌ను తీసివేసే పని. రసాయన శాస్త్రం ప్రకారం ఇవి ఒకదానికొకటి ఎదురు దిక్కులు. రాతిలోనుండి లోహాన్ని తీసే రెండవ కొలిమి లేఖనములలో లేకపోలేదు. యోబు 28వ అధ్యాయం ఆరంభంలో ఇనుము మంటిలోనుండి వచ్చుటను, రాళ్లు కరిగి రాగి అగుటను చూస్తాము. ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయం వాగ్దాన దేశపు రాళ్లను, కొండలను ఈ కన్నుతోనే వర్ణిస్తుంది. మనమైతే ఈ రెండు కొలుములను కలిపివేసి, "అగ్ని" అనే ఒకే మాటతో రెండిటినీ బోధిస్తున్నాము.

3. మన పల్లె కొలుములు, ఒక మిషనెరీ సాక్ష్యము

రాతిలోనుండి ఇనుము తీసే ఈ రెండవ విద్య తెలుగు పల్లెలకు కొత్తది కాదు. దానిని కళ్లారా చూసి వ్రాసిపెట్టినవారిలో ఒకరు మన సంఘ చరిత్రకు కూడ చెందినవారు కావడం విశేషం. బెంజమిన్ హైనే (1770–1819) జర్మనీ దేశంలో పుట్టి మొరేవియన్ మిషనెరీగా మన దేశానికి వచ్చినవారు. తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో వృక్షశాస్త్రజ్ఞుడిగా, వైద్యుడిగా గోదావరి ప్రాంతపు సామర్లకోటలో పనిచేశారు. ఆయన 1795లో నూజివీడు దగ్గరి రమణక్కపేటలో ఇనుము తీసేవారి పనిని పరిశీలించి నివేదిక వ్రాశారు. ఆయన రచనలు 1814లో లండనులో గ్రంథంగా వెలువడ్డాయి.

అటువంటి పల్లె కొలుములు మట్టితో కట్టినవి, మనిషి ఎత్తుకు అటూ ఇటూగా ఉండేవి. పైనుండి ఒక వరుస కట్టెబొగ్గు, ఒక వరుస పొడిచేసిన రాయి వేస్తూ, క్రిందనుండి తోలు తిత్తులతో గంటల తరబడి గాలి ఊదేవారు. అక్కడి వేడి ఇనుమును కరిగించేంతది కాదు. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. అయినను ఆక్సిజన్ విడిపోవడానికి అంత వేడి అవసరం లేదు. కాబట్టి రాయి కరగకముందే లోహమై, బొరియలు బొరియలుగా ఉన్న ముద్దగా కొలిమి అడుగున చేరేది. రాతిలోని ఇసుక, మన్ను చిట్టెంగా కరిగి బయటకు పారేవి. ఎర్రగా కాలుతున్న ముద్దను బయటకు లాగి సమ్మెటలతో మోదితే మిగిలిన చిట్టెం రాలిపోయి వాడుకకు తగిన ఇనుము తేలేది. నేటికీ మన ఊళ్ల శివార్లలో నల్లని బరువైన చిట్టెపు రాళ్లు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఈ పని జరిగిందని గుర్తు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో జరిపిన సర్వేలో అనేక గ్రామాలలో ఇటువంటి ఆనవాళ్లు దొరికాయి.

రమణక్కపేటలో హైనే చూసినది కేవలం నైపుణ్యం కాదు. 1790ల ఆరంభంలో సర్కారు సీమను పీడించిన కరువుకు ముందు ఆ ఊరి పనివారు సుఖంగా బ్రతికారని, కరువు తరువాత మిగిలినవారు దీనస్థితిలో ఉన్నారని ఆయన గమనించారు. కొండలో రాయి అలాగే ఉన్నది, విద్య కూడ ఉన్నది. విద్య తెలిసిన మనుష్యులు తరిగిపోయారు.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం మరొక మెట్టు పైకి ఎక్కింది. అక్కడ ఇనుమును మట్టి మూసలలో మూసి కరిగించి ఉక్కు చేసేవారు. నిజాము రాజ్యంలో సర్వే పనిమీద తిరిగిన వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయిసీ ఆ పనిని వివరంగా వ్రాశారు. ఆయన మరణానంతరం, 1832లో అది అచ్చయింది. ఆ ఉక్కు కొరకు పారసీక దేశపు వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. ఐరోపావారు "వూట్జ్" అని పిలిచి పరిశోధించిన లోహం ఇటువంటిదే. ఆ పేరు మన "ఉక్కు" మాటకు వికృత రూపమని పండితులు తలుస్తారు. 1795లో, అనగా హైనే రమణక్కపేటలో ఉన్న సంవత్సరమే, లండనులోని రాయల్ సొసైటీలో జార్జి పియర్సన్ ఈ ఉక్కు మీద పరిశోధనా పత్రం సమర్పించారు.

దక్షిణ దేశంలో కొన్నిచోట్ల మూసలో ఇనుముతోపాటు తంగేడు కట్టె ముక్కలు, పచ్చి ఆకులు పెట్టేవారని పందొమ్మిదవ శతాబ్దపు వివరణలు చెబుతున్నాయి. మూసలో కట్టె బొగ్గై, ఆ కార్బన్‌లో కొద్ది భాగం ఇనుములో కలిసి దానిని ఉక్కుగా మార్చేది. మన బీడు భూములలో పూచే తంగేడు, నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఒకప్పుడు ఉక్కులో ఇమిడిపోయింది.

4. అడవి తరిగితే కొలిమి చల్లారును

కట్టెబొగ్గుకు ఒక హద్దు ఉన్నది. అడవి ఎంతవరకో కొలిమి అంతవరకే. దీనికి బైబిలు దేశమే ఒక సాక్ష్యం ఇస్తున్నది. ఎర్రసముద్రపు కొసకు దగ్గరగా ఉన్న తిమ్నా లోయలో, దావీదు సొలొమోనుల కాలమని సాధారణంగా చెప్పే రోజులలో, రాగి కొలుములు పెద్ద ఎత్తున నడిచాయి. అక్కడి బొగ్గు అవశేషాలను పరిశీలించి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో తమ ఫలితాలను ప్రచురించారు. మొదట తుమ్మజాతి చెట్లను, తెల్లపూల రోతెము పొదను వాడిన పనివారు, అవి తరిగిన కొలది నాసిరకం కట్టెకు దిగారనీ, కొలుములు ఆగిపోవడంలో కట్టె కొరతకు పాత్ర ఉన్నదనీ వారి అభిప్రాయం. ఏలీయా అలసి కూర్చున్నది ఆ రోతెము క్రిందనే. 120వ కీర్తనలోని నిప్పులు కూడ ఆ పొదవే. ఆ కీర్తనలో మన తెలుగు అనువాదకులు దానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? తంగేడు. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ వేరు. కాని కొలిమి చరిత్ర తెలిసినవారికి ఆ పేరు ఎంతో పొందికగా తోస్తుంది.

మన దేశంలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రక్షిత అడవులలో కట్టె కొట్టుటను కట్టుదిట్టం చేసింది. మరొకవైపు ఇంగ్లండు నుండి, బొగ్గుగని కోకుతో కరిగించిన చవక ఇనుము ఓడలలో వచ్చి రైళ్లలో పల్లెలకు చేరింది. ఈ రెంటి నడుమ పల్లె కొలిమి నలిగిపోయింది. కమ్మరి మిగిలాడు గాని రాయి నుండి ఇనుము తీసేవాడు మిగలలేదు. ఒకప్పుడు ఉక్కును దూరదేశాలకు పంపిన నేల మీద కర్రు చేయుటకు పరదేశపు ఇనుము కొనవలసి వచ్చింది. మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో కర్రులు పదును పెట్టించుకొనుటకు ఫిలిష్తీయుల యొద్దకు పోయిన ఇశ్రాయేలీయుల స్థితిని ఇది తలపిస్తుంది.

5. రాయిని పంపిన రేవు

విశాఖపట్నం ఓడరేవు పుట్టుక కూడ ఖనిజంతోనే ముడిపడి ఉన్నది. 1933లో వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభించిన ఈ రేవును నిర్మించుటలో, మధ్యరాష్ట్రాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాటించాలన్నది ఒక ముఖ్య ఉద్దేశం. స్వాతంత్ర్యం తరువాత జపాను దేశంతో కుదిరిన ఒప్పందం ఫలితంగా 1960లలో కొత్తవలస నుండి కిరండూలు వరకు కొండలను తొలిచి రైలుమార్గం వేశారు. అరకు అందాలు చూడడానికి మనం ఎక్కే రైలు నడిచేది ఆ మార్గం మీదనే. అది బైలదిల్లా ఇనుపరాయిని రేవుకు దింపడానికి వేసినది. మరింత పెద్ద ఓడల కొరకు 1970లలో వెలుపలి రేవు వచ్చింది.

అనగా చాలా కాలం విశాఖ రేవులో ఎక్కినది లోహం కాదు, ఆక్సిజన్‌ను ఇంకను విడువని రాయి. దానిని విడిపించే పని, ఆ పనికి వచ్చే కూలి, ఆ కూలితో నిలిచే ఊళ్లు – అన్నీ సముద్రం అవతల. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అనే నినాదం వెనుక ఈ బాధ కూడ ఉన్నదని నేను అనుకుంటాను. 1966లో అమృతరావు నిరాహారదీక్ష చేశారు. ఆ సంవత్సరం నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు.

6. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ

శంకుస్థాపన నుండి మొదటి ఇనుము వరకు దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాజేశారు. దాని పేరు గోదావరి. తరువాతది కృష్ణ. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అన్నపూర్ణ అనే మూడవది 2012లో వచ్చింది. కొలుములకు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టడం తెలుగువారి మనసును చూపుతుంది.

రమణక్కపేట కొలిమికి, గోదావరికి సూత్రంలో తేడా లేదు. పైనుండి రాయి, బొగ్గు. క్రిందనుండి గాలి. తేడా అంతా పరిమాణంలోను, వేడిలోను ఉన్నది. మొదట కట్టినప్పుడు గోదావరి కొలిమి లోపలి జాగా 3,200 ఘనమీటర్లు. తిత్తులకు బదులు వెయ్యి డిగ్రీలకు పైగా కాచిన గాలిని గొట్టాల గుండా లోనికి నెడతారు. గాలి తగిలే చోట వేడి రెండువేల డిగ్రీలు దాటుతుంది. కట్టెబొగ్గుకు బదులు కోకు. రాయి, కోకు, సున్నపురాయి పైనుండి గంటల తరబడి మెల్లగా దిగుతుంటే, కార్బన్ మోనాక్సైడ్ వాటి సందులగుండా పైకి ఎక్కుతూ ఆక్సిజన్‌ను తీసుకుపోతుంది. సున్నం రాతిలోని ఇసుకను కలుపుకొని చిట్టెమై కరిగిన ఇనుము మీద తేలుతుంది. ఆ చిట్టెం కూడ సిమెంటు తయారీకి పనికివస్తుంది. ఒక టన్ను ఇనుముకు సుమారు అర టన్ను కోకు ఖర్చవుతుంది.

ఆ కోకు ఎక్కడిది? మన సింగరేణి బొగ్గు బాయిలర్లకు, విద్యుత్తుకు ఎంతో పనికివచ్చినను, ఇంత బరువును మోస్తూ చిదిగిపోని గట్టి కోకుగా మారదు. అందుచేత కోకుకు తగిన బొగ్గు చాలావరకు ఆస్ట్రేలియా వంటి దేశాల నుండి ఓడలలో రావలసినదే. తీరాన కర్మాగారం ఉండటంలోని మేలు ఇదే, కష్టం కూడ ఇదే. రాయి విషయంలోను ఈ కర్మాగారానికి సొంత ఇనుపగని లేదు. బైలదిల్లా రాయిని వెల పెట్టి కొనాలి. కర్మాగారానికి వచ్చిన నష్టాలకు కారణాలు చెప్పేవారు అప్పులతోపాటు ఈ సొంతగని లేమిని ముందుగా చెబుతారు.

సింగరేణి బొగ్గుతో ఇనుము తీయుటకు తెలుగునాట మరొక ప్రయత్నం కూడ జరిగింది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో 1980లో పని ప్రారంభించిన స్పాంజ్ ఐరన్ ఇండియా సంస్థ, కోకు కాని బొగ్గుతోనే, రాయిని కరిగించకుండ దానిలోని ఆక్సిజన్‌ను తీసే పద్ధతిని మన దేశంలో నిరూపించింది. పల్లె కొలిమిలోని బొరియల ముద్దకు ఇది చుట్టమే. మన పూర్వులు ఎరిగిన మార్గానికి కొత్త యంత్రాలతో మళ్లీ వచ్చాము.

7. బొగ్గుకు లొంగనివి

విశాఖలోనే మరొక పాఠం కూడ ఉన్నది. 1977లో హిందుస్థాన్ జింకు సంస్థ ఇక్కడ జింకు కర్మాగారం ప్రారంభించింది. జింకును బొగ్గుతో విడిపించవచ్చును గాని, ఆ వేడికి జింకు 907 డిగ్రీల వద్దనే ఆవిరై, గాలి తగిలితే మళ్లీ ఆక్సిజన్‌ను పట్టుకొంటుంది. అందుచేత ఇక్కడ ఖనిజాన్ని గాలిలో వేయించి, ఆమ్లంలో కరగబెట్టి, విద్యుత్తుతో జింకును రాబట్టేవారు. అక్కడ బొగ్గు చేసే పనిని విద్యుత్తు చేసింది. ఆ కర్మాగారం 2012లో ఆగిపోయింది.

అల్యూమినియం ఇంకను మొండిది. ఒడిశాలోని దామన్‌జోడి నుండి వచ్చే అల్యూమినా అనే తెల్లని పొడి విశాఖ రేవులో ఓడలకెక్కుతుంది. దాని నుండి లోహాన్ని తీసే విద్యుత్ మార్గం 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ వేరువేరుగా కనిపెట్టేవరకు అది బంగారంవలె అపురూపమైన లోహం. పట్టు ఎంత బిగువో విడిపించుటకు వెల అంత ఎక్కువ.

8. బొగ్గుకు బదులు?

నేటి ప్రశ్న మరొకటి. ఆక్సిజన్‌ను మోసుకుపోయిన కార్బన్ ఆకాశంలో చేరుతున్నది. కోకు మార్గంలో ఒక టన్ను ఉక్కుకు సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందువలన బొగ్గుకు బదులు హైడ్రోజన్ వాడే ప్రయత్నాలు సాగుతున్నాయి. హైడ్రోజన్ ఆక్సిజన్‌ను పట్టుకొంటే మిగిలేది నీరు. స్వీడన్‌లో 2021లో ఈ పద్ధతిన తీసిన ఇనుముతో ఉక్కు చేశారు. మనకు దగ్గరలోనే, అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే నెలలో ఉక్కు కర్మాగారానికి కేంద్రం 11,440 కోట్ల రూపాయల ఆర్థిక సహాయాన్ని ప్రకటించింది. ఈ రెండు సంగతులు విశాఖలో ఎప్పటికైనా ఒకచోట కలుస్తాయో లేదో కాలమే చెప్పాలి. కాని హైడ్రోజన్ కూడ ఊరికే రాదు. నీటి నుండి దానిని వేరుచేయుటకు విస్తారమైన విద్యుత్తు కావాలి. ఇచ్చేది మారవచ్చును గాని ఇవ్వకుండ లోహం రాదు.

ముగింపు

రసాయన శాస్త్రం నుండి సిద్ధాంతం తీయుట నా ఉద్దేశం కాదు. లేఖనములలోని పోలికను అది ఉన్నంత మేరకే వాడాలని మాత్రమే నా మనవి. ప్రవక్తలు శుద్ధి కొలిమిని గూర్చి చెప్పినప్పుడు, అప్పటికే దేవుని ప్రజలైనవారిలోని కల్తీని గూర్చి, ఆ కల్తీకి కారకులైన అధిపతులను గూర్చి చెప్పారు. యెషయా మొదటి అధ్యాయం మరల చదవండి. అక్కడ మష్టు అన్న మాట పడినది లంచము పుచ్చుకొని తండ్రిలేనివారికి, విధవరాండ్రకు న్యాయం తీర్చని అధికారుల మీద. ఉపాధి పోతుందేమోనని భయపడుతూ కూర్చున్న కుటుంబాల మీద కాదు. నేను ఆ మాటను తీసి తప్పు మనుష్యుల మీద వేశాను.

ఇక రెండవ కొలిమి సంగతి. మంట ఒక్కటే ఎవరినీ మార్చదని ఆ పెద్దాయన నాకు నేర్పారు. కరువు రమణక్కపేట పనివారిని మేలైనవారిగా చేయలేదు, దీనులను చేసింది. ఈ కర్మాగారం కొరకు అరవైకి పైగా గ్రామాలవారు ఇళ్లు, పొలాలు, తోటలు, శ్మశానాలు విడిచిపోయారు. వారి పిల్లలలో కొందరు ఇంకను ఉద్యోగం కొరకు ఎదురుచూస్తూనే ఉన్నారు. అటువంటివారితో "శ్రమ మంచిది" అని చెప్పి ఇంటికి పోవుట, రాయిని ఒట్టి మంటలో పెట్టి ఇనుము కొరకు కనిపెట్టుటవంటిది. ఎవరో దగ్గరకు వచ్చి, వారి భారంలో కొంత తమ మీద వేసుకొనిపోవాలి. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో అపొస్తలుడు మనకు అప్పగించిన పని అదే గదా.

కొన్ని నెలల తరువాత ఆ సంఘానికి మరల వెళ్లాను. ప్రసంగానికి ముందు, క్రిందటి సారి నేను చెప్పిన పోలిక తప్పని ఒప్పుకొని, సరిచేసినది ఎవరో చెప్పాను. పెద్దాయన తల వంచుకొని కూర్చున్నారు. ఆరాధన తరువాత మేమిద్దరం కలిసి, ఉపాధి పోయిన ఒక కాంట్రాక్టు కార్మికుని ఇంటికి వెళ్లాము. ఆ దినాన నేను అక్కడ కొలిమిని గూర్చి ఏమీ మాట్లాడలేదు. ఆయన ఆ ఇంటి పిల్లవాని పరీక్ష రుసుము సంగతి అడిగారు.